స్వయంగా చూశారా?

అక్క నాలుగున్నర విమానానికి వెళ్ళిపోతోంది, ఇప్పుడు మూడూ ముప్పై ఐదు, నేనేమో రన్‌వే పక్క గడ్డిలో జీపు ఆపుకుని, ఒళ్ళో బైనాక్యులర్సు పెట్టుకుని, ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాను, అదే నా ఉద్యోగం కనక. పక్షులను తోలే ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని, విమానం లేచే దారిలో దిగే దారిలో గద్ద గానీ కొంగ గానీ లేకుండా చూడటం, ఉంటే హారను కొట్టడం, హారనుకి కదలకపోతే తుపాకీలో టపాకాయ పెట్టి పేల్చడం, తరవాత ఆ ముచ్చటంతా పుస్తకంలో రాయడం. మేనకోడలు మధ్యాహ్నం మెసేజి పెట్టింది. మామయ్యా, అమ్మా నాన్నా ఈరోజు నాలుగున్నర ఫ్లైటుకి వెళ్ళిపోతున్నారు, ఇక అక్కడే ఉంటారట, నేను చెప్పానని చెప్పకు. అంతే. అది నర్సు, ఆసుపత్రిలో కూడా చెడ్డ కబుర్లు ఇలాగే చెబుతుందేమో, మూడు ముక్కల్లో. గేటు దగ్గరికి వెళ్ళి చూసి రావచ్చు కదా అంటే, రావచ్చు, జీపులో ఏడు నిమిషాలు, లోపలి తలుపులకి నా దగ్గర కార్డుంది, అరగంట నా చోట నిలబడమంటే కాదనేవాడు లేడు. వెళ్ళలేదు. ఫోను డాష్‌బోర్డు మీంచి మూడుసార్లు తీశాను, మూడుసార్లు మళ్ళీ అక్కడే పెట్టాను. అక్కకి చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్ళుగా నా గొంతులో ఉండిపోయింది, విమానం లేచేలోపు అది చెప్పాలి, లేచాక చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటే.

గద్దలు ఈ పూట పదకొండు. నాలుగు పెట్రోలు ట్యాంకుల మీద, మిగతావి ఊరి వైపు. వీటికి రెక్కలు ఆడించడమంటే బద్ధకం, ఎండకి కాగిన సిమెంటు మీంచి లేచే వేడిగాలి పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ అలా పైకి పోతాయి, మెట్లెక్కకుండా మేడెక్కినట్టు. ఊళ్ళో మనిషికి గద్ద కనపడదు. కాకి కనపడుతుంది, పిచ్చుక కనపడటం లేదని బెంగపడతాడు, నెత్తిమీద అంత రెక్క చాపుకుని తిరిగేదాన్ని మాత్రం చూడడు, చేతిలో తింటున్నది తన్నుకుపోయిన రోజున తప్ప. అవి మాత్రం మనల్ని కనిపెట్టుకునే ఉంటాయి. ఏ బడి ఎన్నింటికి వదులుతారో, ఏ హోటలు వాడు ఎప్పుడు చెత్త పారబోస్తాడో, ఏ ఇల్లాలు చేపలు ఎక్కడ కూర్చుని కడుగుతుందో, అన్నీ వాటికి తెలుసు. సెల్ టవర్ల మీద కాపురం పెడతాయి. గూట్లో కరెంటు తీగముక్కలు, ప్లాస్టిక్ తాళ్ళు, పసిపిల్లల సాక్సులు, ఒకసారి లైటు స్తంభం మీది గూడు దింపిస్తే అందులో నా జేబురుమాలే దొరికింది, ఉతికి ఆరేసిందే. వాటిని భయపెట్టాలని మావాళ్ళు లౌడ్‌స్పీకర్లు తెచ్చారు, గద్ద ప్రాణభయంతో అరిచిన అరుపు అందులోంచి వచ్చేది. నెల తిరక్కుండా అవి ఆ లౌడ్‌స్పీకరు మీదే కూర్చుని ఈకలు దువ్వుకోవడం మొదలెట్టాయి. ఈ రెండూ చెప్పినప్పుడు అక్క నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. అయితే నువ్వు వాటిని తోలడం లేదురా, అవే నిన్ను జీపేసుకుని తిప్పుతున్నాయి అంది. విమానం లోపల ఎలా ఉంటుందిరా అని అడిగేది, నాకేం తెలుసు, ఇన్నేళ్ళుగా వాటి కడుపు కింద తిరుగుతున్నాను తప్ప ఒక్కదానిలోనూ కూర్చోలేదు, కానీ ఆ మాట ఒప్పుకోలేక, బస్సులాగే, కాకపోతే కిటికీలు తెరుచుకోవు అని చెప్పాను. ఇప్పుడు తనే చూసుకోబోతోంది. నాకంటే ముందే ఎక్కేస్తోంది.

మూడూ యాభై. చిన్న విమానం ఒకటి దిగింది, దాని వెనక కొంగలు లేచి మళ్ళీ అక్కడే వాలాయి, వాటికి నేనంటే లెక్కలేదు. బావకి మాంసం కొట్టు. ఉండేది. మా ఎయిర్‌పోర్టు ప్రహరీ అవతల మూడో వీధిలో, కింద కొట్టు, పైన కాపురం, ఆ పైన డాబా. బావ నోరు మంచిది కాదు గానీ పని మంచిది, పొద్దున ఆరు కొట్టేసరికి బొమికలూ తోలూ అన్నీ మూతలున్న డ్రమ్ముల్లో బండికెత్తించేసి, నేలంతా పైపుతో కడిగి, కత్తులు తళతళలాడించి కూర్చునేవాడు, కొట్టు ముందు ఈగ వాలేది కాదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను, సరే, అక్కడికే వస్తున్నాను. మేనకోడలికి నర్సు ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అందర్నీ భోజనానికి పిలిచారు. ఎవరో కొత్తాయన నన్ను చూపించి వీరేం చేస్తుంటారని అడిగాడు. బావ వడ్డిస్తున్నవాడల్లా ఆగి, మా బావమరిదా, ఎయిర్‌పోర్టులో దిష్టిబొమ్మ ఉద్యోగమండీ, కాకపోతే ఈ బొమ్మకి ప్యాంటూ చొక్కా వాళ్ళే కుట్టిస్తారు అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. బావా బావమరిదీ అన్నాక ఇంతకంటే పెద్ద మాటలే అనుకుంటారు, నేను ఆయన్ని తక్కువ అన్నానా, పెళ్ళయిన ఏడాదే నా అక్కని కత్తిపీట చూపించి ఎత్తుకుపోయాడని ఊరంతా చెప్పుకు తిరిగాను. కానీ ఆ రోజు అక్క కూడా నవ్వింది. చిన్న నవ్వే, చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకు తల కొట్టేసినట్టయింది. తింటున్న కంచం ముందు నుంచి లేచి వచ్చేశాను. అక్క మర్నాడు ఫోను చేసింది, నిన్నటి మాటకేనా అని అడిగింది, అబ్బే డ్యూటీ ఉందన్నాను. వారం పోయాక మళ్ళీ చేసింది, మళ్ళీ డ్యూటీ ఉందన్నాను. ఎనిమిది నెలలు ఆ వీధి మొహం చూడలేదు. నలభై ఆరేళ్ళవాణ్ణి, ఏడో క్లాసు పిల్లాడిలా మూతి ముడుచుకుని కూర్చున్నాను, ఎవరైనా వచ్చి బతిమాలతారని.

అప్పుడు పడింది ఆ వాన. ఆ ఏటికి మొదటిది, తెల్లవారుజామున దంచికొట్టి ఏడింటికి వెలిసింది. ఎనిమిదింటికి ఎండ చురుక్కుమంటోంది, నేల ఆవిర్లు కక్కుతోంది, మూడో వీధి మీద గద్దలు. ఎన్నడూ లేనన్ని, ముప్పై ఏడు. ఆ వారంలోనే ఒక విమానం ఇంజనులోకి పక్షి దూరింది, ఎవరికీ ఏమీ కాలేదు గానీ మా సేఫ్టీ ఆఫీసరుకి పైనుంచి బాగా చీవాట్లు పడ్డాయి. మేమాయన్ని ఖాళీల సారు అంటాం, కాగితంలో ఏ గడీ ఖాళీగా ఉండకూడదు ఆయనకి, తెలియకపోతే తెలియదని రాసినా ఊరుకోడు, తెలుసుకుని రాయమంటాడు. సమయం, ఏ పక్షి, ఎన్ని, ఎక్కడ, వాతావరణం, కారణం. కారణం గడి పక్కనే ఇంకో చిన్న ప్రశ్న ఉంటుంది, స్వయంగా చూశారా, అవును, కాదు. అంటే వెళ్ళి ఆ చోట నిలబడి, గద్దలు దేనికోసం చేరాయో కళ్ళారా చూసి రాయాలన్నమాట. గద్దలున్న చోటు నాకు అద్దంలోంచి కనపడుతూనే ఉంది, అక్కా వాళ్ళ డాబాకి సరిగ్గా పైన. గేటు దాటి నడిస్తే పదిహేను నిమిషాలు. పోతే తలుపు కొట్టాలి. కొడితే బావ వస్తాడు, వచ్చి, రావోయ్ బొమ్మా, కాకుల్ని తోలడానికొచ్చావా అంటాడు, నిజంగా అంటాడో లేదో తెలీదు, నేనే అనేసుకుని ఒళ్ళు మండించుకున్నాను. పదకొండింటికి ఖాళీల సారు కాగితం ఏదయ్యా అన్నాడు. జీపు బానెట్టు మీద పెట్టి రాసేశాను. కారణం, మాంసం కొట్టు వ్యర్థాలు. స్వయంగా చూశారా, అవును. సంతకం. రాస్తున్నప్పుడు పగతో రాశానా అంటే, లేదనే అనుకుంటాను, మాంసం కొట్టు ఉంది, పైన గద్దలున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. కానీ చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు, అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

అక్కణ్ణించి కాగితం నా చేతుల్లో లేదు. ఇక్కడి నుంచి మున్సిపాలిటీకి పోయింది, మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి చూసి, డ్రమ్ములకి మూతలున్నాయి బాగానే ఉంది కదా అనుకున్నారట, కానీ విమానాల సంగతి, ఎవడు నెత్తిన వేసుకుంటాడు, పైగా కంటితో చూశానని ఒకడు సంతకం పెట్టాడు. నెలకి కొట్టుకి సీలు పడింది. బావ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఎక్కడికి పోయినా అదే కాగితం తీసి చూపించేవారట, చూశామంటున్నారు కదండీ అని. నాలుగో ఆఫీసులోనో అయిదో ఆఫీసులోనో ఆయన కింద సంతకం చదివాడు. ఇంటికెళ్ళి ఏమన్నాడో నాకు తెలియదు, మేనకోడలు మాత్రం, నాన్న ఏమీ అనలేదు మామయ్యా, కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు అని చెప్పింది. ఆయన ఒక మాట అని ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ణి, తేలిపోయేది. తరవాత ఎవరి కొట్టులోనో రోజుకూలికి కోయడానికి కుదిరాడు, తన కత్తులు తనే సంచిలో పట్టుకుని పోతుంటే ఒకసారి బస్టాపులో చూశాను, నేను స్తంభం చాటుకి తప్పుకున్నాను. ఇప్పుడేదో దూరపు ఊళ్ళో మాంసం ప్యాకింగు ఫ్యాక్టరీలో పని దొరికిందట, టికెట్లు వాళ్ళే పంపారట. అయినా అప్పుడు నేను తప్పు చేశాననుకోలేదు. రూలు రూలే, అక్క అయితే మాత్రం అనుకున్నాను. రాత్రి అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకుంటూ కూడా అదే అనుకున్నాను, అంత నిజాయితీపరుణ్ణి.

ఏడాది తిరిగింది. మళ్ళీ మొదటి వాన, మళ్ళీ ఎండ. మూడో వీధి మీద గద్దలు. ముప్పైకి పైనే. కొట్టుకి సీలు పడి పదకొండు నెలలయింది, షట్టరు తుప్పు పట్టింది, లోపల మాంసం కాదు కదా ఎముక కూడా లేదు, అవి మాత్రం సరిగ్గా అక్కడే, ఆ డాబా పైనే. బైనాక్యులర్సు పెట్టుకుని ఒక్క గద్దని పట్టుకుని దాని వెంబడే చూశాను. అది కిందికి దిగడం లేదు. మాంసానికొచ్చిన గద్ద దిగుతుంది, రాయి విసిరినట్టు పడి, తన్నుకుని లేస్తుంది. ఇది గాల్లోనే తేలుతూ కాలు ముందుకి చాపి, ఆ కాలు ముక్కు దగ్గరికి తెచ్చి, దించి, మళ్ళీ చాపుతోంది. తింటోంది. ఉసిళ్ళు. వాన పడి ఎండ కాస్తే పుట్టల్లోంచి రెక్కలతో లేచే ఉసిళ్ళు, వాటికోసం చేరాయవి, ఏ కొట్టూ లేదు ఏ వ్యర్థమూ లేదు. పోయినేటి పుస్తకం తీసి చూస్తే వాతావరణం గడిలో నా చేత్తోనే రాసుంది, రాత్రి వాన, పొద్దున ఎండ. దాని పక్క గడిలోనే, మాంసం కొట్టు. పదహారేళ్ళ అనుభవం అప్పటికి. ఈ ఉసిళ్ళ సంగతి నాకు ఎవరు నేర్పారు, ఆఫీసులో శిక్షణ ఇచ్చినవాళ్ళా, కాదు, అక్క. దానికి పదకొండు, నాకు ఏడు, అద్దెకున్న మేడ మీద వెల్లకిలా పడుకోబెట్టి చూపించింది. రెక్కలు చూడకురా, అందరూ అవే చూస్తారు, కాళ్ళు చూడు, చూశావా, పరిగెడుతూ మరమరాలు తింటున్నాయి అంది. కాళ్ళు చూడ్డం అలా అలవాటయింది నాకు, ఉద్యోగం ఇచ్చినాయన కూడా నీ కన్ను మంచిదయ్యా అన్నాడు. ఆ కన్నుతోనే దాని ఇంటిమీద తప్పుడు కాగితం రాశాను.

అప్పుడైనా వెళ్ళాలి కదా. వెళ్ళలేదు. సవరణ కాగితం ఒకటి తెచ్చుకుని అన్నీ నింపాను, కారణం దగ్గర ఆగిపోయాను. ఉసిళ్ళు అని రాస్తే, మరి పోయినేడు స్వయంగా చూశానని ఎలా పెట్టావయ్యా అంటాడు ఖాళీల సారు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. రేపు ఇద్దామని జీపు పెట్టెలో పడేశాను. రేపు, ఎల్లుండి, వచ్చే వారం. జీపు సర్వీసుకి పోయినప్పుడు ఆ కాగితం ఎక్కడో పోయింది, పోతే సిగ్గు లేకుండా హాయిగా ఊపిరి తీసుకున్నాను. పండ్ల దుకాణం దగ్గర అక్క ఒకసారి ఎదురయింది, ముందుకన్నా చిక్కింది, నన్ను చూసి సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది, నేను మాట్లాడతానేమోనని ఒక్క నిమిషం ఆగింది కూడా. నేను చేతి గడియారం చూసుకున్నాను. దాని కొట్టు మూయించి, దాని మొగుణ్ణి కూలివాణ్ణి చేసి, గడియారం చూసుకున్నాను. తప్పు రాయడం ఒక్కరోజు పని, దాచడమే రోజూ పని అయిపోయింది. ఇంక చెప్పి మాత్రం ఏం లాభం, కొట్టు తిరిగి వస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, లాభం నాకే లేదని తెలిసి కూడా.

నాలుగూ ఇరవై. తెల్ల విమానం, నీలం తోక, మెట్లు తీసేశారు, తలుపు వేశారు. మెల్లగా ఈ వైపే వస్తోంది. కంట్రోలు టవరు వాళ్ళు రేడియోలో దారి ఖాళీయేనా అని అడిగారు. ఒక్క మాట, గద్ద ఉందని ఒక్క మాట అంటే ఆగిపోతుంది విమానం, పది నిమిషాలు, పదిహేను, నా నోటికి అంత బలం ఉంది, ఇంకో అబద్ధం, ఒకసారి రాసినవాడికి ఇంకోసారి చెప్పడం ఎంత. నోటిదాకా వచ్చింది. ఈలోగా నిజంగానే ఒకటి దిగింది. ట్యాంకుల మీదిది, ఎలకని పట్టుకుని రన్‌వే నడిమధ్య వాలి, తాపీగా పీకుతోంది, దానికి తెలుసు ఆ సిమెంటు వెచ్చగా ఉంటుందని. ఉంది సార్ అన్నాను. విమానం ఆగింది. తోలమన్నారు. జీపు తిప్పి హారను కొట్టుకుంటూ పోయాను, ఎంత వేగంగా పోవాలో అంత వేగంగా పోలేదు, ఒక చేత్తో ఫోను తీసి అక్కకి కొట్టాను, మోగింది, ఒకటి, రెండు, మూడు, విమానంలో ఫోను కట్టెయ్యాలని అక్కకి తెలిసుండదు, ఎవరో చెప్పినా అర్థమై ఉండదు.

“చెప్పరా” అంది అక్క. మూడున్నరేళ్ళ తరవాత, నిన్న సాయంత్రం మాట్లాడి ఆపినట్టు.

“అక్కా, ఆ రోజు గద్దలు మీ కొట్టు వల్ల కాదు. ఉసిళ్ళకొచ్చాయి. నేను చూడకుండా రాశాను.”

గద్ద ఎలకని కాలికి తగిలించుకుని లేచింది, జీపు అద్దం ముందు నుంచే, తాపీగా, ట్యాంకుల వైపు. విమానం రొద వినపడుతోంది ఫోనులోనూ, బయటా.

“తెలుసు” అంది.

నేను జీపు బ్రేకు తొక్కాను.

“ఆ రోజే తెలుసురా. డాబా మీద బట్టలారేస్తున్నా, పక్కింటి వెనకాల పుట్టలోంచి లేచి జుట్టు నిండా పడ్డాయి. గద్దలొచ్చాయి కదా, వీడు తప్పకుండా వస్తాడు, వీడి పనే అది కదా అనుకున్నా. మీ బావ కూడా అన్నాడు, బావమరిది వస్తాడు, టీ పెట్టు అని. నువ్వు తిన్నగా రాలేకపోతున్నావని, ఈ వంక మీదైనా వస్తావని. సాయంత్రం దాకా చూశాం.”

“అక్కా, నేను...”

“తప్పు రాశావని కాదురా నా బాధ. అందరం రాస్తాం తప్పులు. వీధి మొదటిదాకా కూడా రాలేదు నువ్వు.” పక్కన ఎవరో ఆడపిల్ల ఏదో చెబుతోంది, మర్యాదగా, గట్టిగా. “ఫోను ఆపాలట. ఒంట్లో జాగ్రత్త. మాత్రలు మానకు.” ఆగిపోయింది.

టవరు వాళ్ళు రెండోసారి అడుగుతున్నారు, ఉందా పోయిందా, ఏమయ్యా, ఉందా పోయిందా. పోయింది సార్ అన్నాను. జీపుని గడ్డిలోకి తీసి, దిగి, నిలబడ్డాను. విమానం కదిలి, బరువుగా మలుపు తిరిగి, అరుచుకుంటూ నా ముందు నుంచి పోయింది, ఈ వైపున్న కిటికీలన్నీ ఒక్కసారిగా మెరిశాయి, ఏదో ఒక కిటికీలో దాని ముఖం కనపడుతుందని కళ్ళు చించుకుని చూశాను. చెయ్యి ఎత్తి ఊపుతున్నాను, పిచ్చివాడిలా, చొక్కా పైకి లేచిపోయేలా. అప్పుడు గుర్తొచ్చింది, ఏ వైపు కూర్చున్నావక్కా అని అడగలేదు. అదైనా అడగలేదు. విమానం లేచి, ఊరి మీదుగా తిరిగి చిన్నదైపోయేదాకా చెయ్యి దించలేదు.